మూడున్నర మోల్స్

శ్రీలతకు ‘అనుమానం మేడమ్’ అని పేరు పడి నెల కూడా కాలేదు. పాశమైలారంలో మందుల ముడిసరుకు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో ఆమె ల్యాబ్ కెమిస్టు. లోపలికి వచ్చే ప్రతి డ్రమ్మూ, బయటికి పోయే ప్రతి సంచీ ముందు ఆ ల్యాబులో పరీక్షకు నిలబడాల్సిందే. ఏళ్ళ తరబడి అదే పని చేస్తున్న మనిషి, తన చేతి మీద తనకు నమ్మకం ఉన్న మనిషి. అలాంటిది పోయిన నెలలో ప్రొడక్షన్ వాళ్ళ చిన్న తూకం యంత్రం తప్పు చూపిస్తోందని పట్టుబట్టి ఒక షిఫ్టంతా పని ఆపించింది. హైదరాబాద్ నుంచి మనిషి వచ్చి చూసి, యంత్రం లక్షణంగా ఉందనీ, శ్రీలత పరీక్షించినప్పుడు పైనున్న ఏసీ గాలి సూటిగా తగిలి అంకె ఊగి ఉంటుందనీ తేల్చి వెళ్ళాడు.

ఎవరూ పెద్దగా తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ల్యాబ్ మేనేజర్ సూర్యప్రకాశరావు ఆమెను గదిలోకి పిలిచి, కుర్చీ చూపించి, నెమ్మదిగా చెప్పాడు. “అనుమానం ఉండాలమ్మా, కాదనను. కానీ ప్రతి అనుమానానికీ ఫ్యాక్టరీని ఆపుతూ పోతే మనం తయారుచేసేది అనుమానాలే అవుతాయి.” ఆయన కొంచెం నవ్వాడు కూడా. ఆ నవ్వే ఆమెకు ముల్లులా గుచ్చుకుంది. అప్పటినుంచి క్యాంటీన్లో ఆమె ప్లేటు పట్టుకుని నిలబడితే, సాంబారు తూచి పొయ్యమని ప్రొడక్షన్ కుర్రాళ్ళు వడ్డించేవాడికి చెప్పేవారు. ఆమె కూడా వాళ్ళతోపాటు నవ్వేది. అనుమానం వచ్చిన ప్రతిసారీ దాన్ని గొంతులోనే మింగడం అలవాటు చేసుకుంటోంది.

ఆ రోజు ఉదయం మింగింది అలాంటిదే ఒకటి.

మొదటి షిఫ్టు ముగించుకుని, గేటు దగ్గర లాకరులో పెట్టిన ఫోను తీసుకుని, ఇస్నాపూర్ చౌరస్తాలో సంగారెడ్డి బస్సు ఎక్కింది. ఆధార్ కార్డు చూపించి, ఆడవాళ్ళకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్ తీసుకుంది. అదృష్టం బాగుండి కిటికీ పక్కన సీటు దొరికింది. అత్తగారు సత్తెమ్మ సదాశివపేట దగ్గరి ఊరినుంచి బస్సులో వచ్చి, సంగారెడ్డి బస్టాండులో కూర్చుని ఉంది. ఆమెకు రెండు కళ్ళలోనూ శుక్లాలు. డాక్టరు దగ్గర ఇవాళ్టికి నంబరు రాయించారు. శ్రీలత భర్త జహీరాబాద్‌లో డ్యూటీ మీద ఉన్నాడు కాబట్టి తీసుకెళ్ళాల్సింది ఈమే.

రుద్రారం దగ్గరికి వచ్చేసరికి బస్సు కొంచెం ఖాళీ అయింది. ముందు సీటు మీద ఎవరో పెన్నుతో ఫోన్ నంబరు గీకారు. దానివైపు ఊరికే చూస్తున్న శ్రీలతకు హఠాత్తుగా ఇంకో అంకె కళ్ళ ముందు నిలబడింది. ఇరవై మూడు పాయింట్ తొమ్మిది ఐదు.

ఉదయం తన చేతి కింద పనిచేసే రాకేష్ ఒక పరీక్ష లెక్క తెచ్చి ముందు పెట్టాడు. లిథియం హైడ్రాక్సైడ్ అనే క్షారం, కొత్త సరఫరాదారు నుంచి వచ్చిన డ్రమ్ములు. స్వచ్ఛత తొంభై తొమ్మిదికి పైనే వచ్చింది. ఆ లెక్కలో రాకేష్ వాడిన అణుభారం 23.95. చూడగానే శ్రీలతకు ఎక్కడో చిన్న నలక పడినట్టయింది. ‘ఇది మనం ఎప్పుడూ వేసేదేనా?’ అని అడగబోయింది. రాకేష్ వెనకాలే ప్రొడక్షన్ మనిషి డ్రమ్ముల కోసం నిలబడి ఉన్నాడు. పెదవుల మీద క్యాంటీన్ నవ్వు. ఆమె అడగలేదు. సంతకం పెట్టింది.

ఇప్పుడు బస్సులో ఆ నలక కంటినిండా అయింది. తమ ఫ్యాక్టరీ ఎప్పుడూ వాడేది ఆ సరుకు కాదు. తాము వాడేది నీటిని తన స్ఫటికంలోనే దాచుకున్న రకం. దాని భారం దాదాపు నలభై రెండు. ఇవాళ వచ్చింది నీరు లేని ఎండు రకం.

నానబెట్టిన శనగలు కిలో తూచి, ఎండు శనగలు కిలో తూచి పక్కపక్కన పోస్తే తూకం ఒకటే గానీ గింజలు ఒకటి కావు. ఎండువాటిలో గింజలు ఎన్నో ఎక్కువ. రసాయనాలు కలిసేది కిలోల్లో కాదు, గింజల్లో. ఇన్ని అణువులకు ఇన్ని అణువులు. అణువుల్ని ఒక్కొక్కటిగా లెక్కపెట్టడం మనిషి తరం కాదు కనుక వాటిని మోల్స్‌లో కొలుస్తారు. డ్రమ్ములో ఉన్నది స్వచ్ఛమైన సరుకే. రాకేష్ లెక్కలోనూ తప్పు లేదు. కానీ ప్రొడక్షన్ వాళ్ళ దగ్గరున్న కాగితం ఎనభై నాలుగు కిలోలు వెయ్యమంటుంది. నీరున్న రకం ఎనభై నాలుగు కిలోలంటే రెండు వేల మోల్స్. ఎండు రకం అదే తూకంలో మూడు వేల ఐదు వందలు.

ఎక్కువైన క్షారం ఊరుకోదు. రియాక్టర్‌లో తయారవుతున్నది రక్తపోటు మాత్రలకు వాడే ముడిసరుకు. చేయాల్సిన పని అయిపోయాక మిగిలిన క్షారం ఆ తయారైన దాన్నే కొరకడం మొదలుపెడుతుంది.

ఆమె చటుక్కున లేచింది. “ఆపండి, దిగుతా” అంది. కండక్టరమ్మ ఆమె టికెట్ వైపు, ముఖం వైపు చూసింది. “సంగారెడ్డి అన్నరు గదమ్మా.”

“పని పడ్డది.”

దిగిన చోట నీడ లేదు. రోడ్డుకు అవతలి వైపు వెళ్ళాలంటే డివైడరు తెరిచిన చోటు దాకా నడవాలి. నడుస్తూనే ఫ్యాక్టరీ గేటుకు ఫోన్ చేసింది. లోపల అంటుకునే ద్రావకాల ఆవిరి ఉంటుందని ఎవరి దగ్గరా సెల్‌ఫోన్లు ఉంచరు. ఎవరితో మాట్లాడాలన్నా గేటు ద్వారా లోపలి ఫోనుకు కలిపించుకోవాలి.

“ప్రొడక్షన్ రెండో బ్లాకుకు కలుపు భయ్యా, జల్దీ.”

రింగు పోతూనే ఉంది. ఎవరూ ఎత్తలేదు. పై అంతస్తులో యంత్రాల హోరులో ఎవరికీ వినిపించదని ఆమెకు తెలుసు. మళ్ళీ గేటుకు చేసి ల్యాబుకు కలపమంది. ఈసారి రాకేషే ఎత్తాడు.

“రాకేష్, పొద్దున లిథియంకు ఏ మాలిక్యులార్ వెయిట్ ఏసినవ్?”

“డ్రమ్ము మీద ఏదున్నదో గదే ఏసిన అక్కా. ఏంది, తప్పైందా?”

“తప్పు కాదు. మనది నీళ్ళున్న రకం, అది ఎండు రకం. బ్లాకుకు ఉరుకు. వెంకట సాయి సార్‌కు చెప్పి లిథియం పడుడు ఆపిపియ్యి.”

రాకేష్ గొంతు తగ్గించి అన్నాడు. “నేను చెప్తే ఆపుతరా అక్కా? మొన్న తూకం కాడ అయిందానికే సాయి సార్ ఇంకా మనల్ని సూస్తే మొఖం తిప్పుకుంటున్నడు.”

“నా పేరు చెప్పు. నేను వస్తున్న.”

ఫోన్ పెట్టేశాక ఆ మాట గుర్తుకొచ్చి ఆమెకే దిగులు వేసింది. తన పేరు చెప్తే ఇంకా ఆపరేమో.

అటువైపు వచ్చిన షేర్ ఆటోలో అప్పటికే ఒడిశా కూలీలు ఒకరి మీద ఒకరు కూర్చుని ఉన్నారు. వాళ్ళలో ఒకతను లేచి డ్రైవరు పక్కకు సర్దుకుని ఆమెకు చోటిచ్చాడు. ఆటో కదిలింది గానీ మనసు నిలవలేదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ట్యాంకు వాల్వు తెరుస్తారు. వెయ్యి లీటర్ల ద్రావణం చుక్కచుక్కగా రియాక్టర్‌లోకి దిగుతుంది. ఎంత దిగి ఉంటుంది ఈపాటికి? సగం దాటి ఇంకాస్త దిగేదాకా ఫర్వాలేదు, ఎందుకంటే అంతవరకు పనికొచ్చే క్షారమే. ఆ తర్వాత పడే ప్రతి లీటరూ చేటే. మళ్ళీ ఇంకో ఆలోచన. ఒకవేళ తనదే పొరపాటైతే? ప్రొడక్షన్ వాళ్ళు ఆ కొత్త డ్రమ్ములు ఇవాళ తీయలేదేమో. పాత డ్రమ్ములు మిగిలి ఉన్నాయేమో. తాను ఆయాసపడుతూ వెళ్ళి బ్లాకులో నిలబడితే, వాళ్ళు పాత డ్రమ్ము చూపించి నవ్వితే?

ఇస్నాపూర్ చౌరస్తాలో కంటైనర్ లారీలు అడ్డంగా తిరగబోయి ఇరుక్కున్నాయి. అన్ని వైపులా హారన్లు. ఆమె ఆటో దిగి లారీల మధ్య నుంచి నడిచి అవతల పాశమైలారం ఆటో పట్టుకుంది. అప్పుడే ఫోన్ మోగింది.

“ఏడిదాక వచ్చినవ్ బిడ్డా?” సత్తెమ్మ. “మల్ల డాక్టర్ లేచిపోతడంట.”

“అత్తమ్మా, కంపెనీల పని పడ్డది. మళ్ళ ఎనుకకు పోతున్న. ఇయ్యాల కాదు. నువ్వు ఇంటికి పో.”

“ఒక్కదాన్ని ఎట్ల పోతనే. బస్సు బోర్డు కానొస్తలేదు నాకు.”

“ఎవర్నన్న అడుగు అత్తమ్మా.”

“అడుగుత గని, నీ గొంతెందుకు గట్లున్నది? ఎవలన్న ఏమన్న అన్నరా?”

“ఎవలేమనలే. నేనే ఒకటి సూడకుండ సంతకం పెట్టిన.”

బస్టాండు మైకులో ఏదో ఊరి పేరు వినిపిస్తోంది. “సరే తీ,” అంది సత్తెమ్మ. “ముందుగాల అది సక్కజెయ్యి. నేను మెల్లగ పోత.”

గేటు దగ్గర సెక్యూరిటీ అతను రిజిస్టరు ముందుకు తోసి, “మేడమ్, ఛుట్టీ హో గయా నా, మళ్ళ వచ్చిన్రు?” అన్నాడు. ఆమె జవాబివ్వకుండా ఫోను లాకరులో పడేసి, హెల్మెట్ పెట్టుకుని లోపలికి నడిచింది. ఫ్యాక్టరీ ఆవరణలో పరుగెత్తకూడదు. అది నియమం. పరుగుకూ నడకకూ మధ్యలో ఏదో చేస్తూ ల్యాబ్ దాటుతుంటే, మేనేజరు గది అద్దంలోంచి రాకేష్ కనిపించాడు. సూర్యప్రకాశరావు ముందు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. అంటే బ్లాకుకు పోలేదు.

లోపలికి వెళ్ళకుండానే తలుపు తెరిచి అడిగింది. “ఆపిండ్రా?”

రాకేష్ తల వంచుకున్నాడు. సూర్యప్రకాశరావు లేచాడు. “నేనే ఆగమన్నానమ్మా. ఫోన్లో చెప్పిన మాట మీద రన్నింగ్ బ్యాచ్ ఎలా ఆపుతాం? నువ్వు వస్తున్నావన్నాడు కదా, చూసి—”

“చూసే టైం లేదు సార్,” అని ఆమె వెనక్కి తిరిగింది.

రెండో బ్లాకు మెట్లెక్కేటప్పటికి ఊపిరి అందలేదు. పైన వెంకట సాయి రియాక్టరు పక్కన ఉష్ణోగ్రత చూస్తూ నిలబడి ఉన్నాడు. అతని తండ్రి గోదావరి జిల్లా నుంచి రామచంద్రాపురంలోని సర్కారు కర్మాగారానికి ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. సాయి పుట్టింది పెరిగింది ఇక్కడే అయినా ఇంటి యాస పోలేదు. పని తెలిసినవాడు, తొందర ఎక్కువ.

“ట్యాంకు వాల్వు కట్టెయ్యండి,” అంది శ్రీలత.

అతను ఆమెను ఎగాదిగా చూశాడు. “మళ్ళీనా?”

“ఇవాళ కరిగించింది కొత్త డ్రమ్ములా, పాతవా?”

“కొత్తవే. మీరు పాస్ చేసినవే కదండీ.”

“పాస్ చేసింది నేనే. కట్టెయ్యండి. అందులో లీటరుకు రెండు మోల్స్ ఉండాల్సింది, మూడున్నర ఉన్నయి. పది నిమిషాలు ఇయ్యండి, ట్యాంకులోంచి తీసి పరీక్ష చేసి చూపిస్త. నాది తప్పైతే మీరే మేనేజర్‌కు రాసిపెట్టండి.”

సాయి ఆమె ముఖంలోకి చూశాడు. తర్వాత ట్యాంకు వైపు చూశాడు. “పొద్దున కరిగిస్తుంటే ఎప్పుడూ లేనంత వేడెక్కింది,” అన్నాడు నెమ్మదిగా. “చల్లబరిచే చిల్లర్ సరిగ్గా పనిచెయ్యట్లేదు అనుకున్నాను. మెయింటెనెన్స్ వాళ్ళని తిట్టాను కూడా.”

అతను తనే వెళ్ళి వాల్వు తిప్పాడు. సన్నటి గొట్టంలో ధార ఆగింది. ట్యాంకు పక్కనున్న గాజు గొట్టంలో మట్టం చూశారు. ఆరు వందల ఇరవై లీటర్లు దిగిపోయింది.

శ్రీలత మనసులోనే లెక్క వేసుకుంది. దాటిపోయింది. ఎంతో కాదు, కానీ దాటింది. “రియాక్టరును ఇంకా చల్లబరచండి,” అంది. “ఎంత చల్లగుంటే అది అంత నెమ్మదిగా కొరుకుతది.”

నమూనా సీసాతో ల్యాబుకు తిరిగొచ్చేసరికి సూర్యప్రకాశరావు అక్కడే నిలబడి ఉన్నాడు. ఆమె ఆయన వైపు చూడకుండా కోటు తొడుక్కుంది. పిపెట్‌తో ద్రావణం తీసి ఫ్లాస్కులో పోసి, రంగు మార్చే సూచికను రెండు చుక్కలు వేసింది. ద్రావణం గులాబీ రంగులోకి మారింది. పైన బ్యూరెట్‌లోంచి, తెలిసిన బలమున్న ఆమ్లాన్ని చుక్కచుక్కగా వదలాలి. గులాబీ రంగు పోయిన ఆ ఒక్క చుక్క దగ్గర ఆపాలి.

రంగు పోతుందనుకున్న క్షణంలో రెండు చుక్కలు ఎక్కువే పడ్డాయి. ఆమె ఫ్లాస్కు పారబోసింది. అవతల రియాక్టర్‌లో ప్రతి నిమిషం సరుకు పాడవుతోంది. ఇక్కడ తొందరపడితే ఈ అంకె పాడవుతుంది. రెండింటి మధ్య నిలబడి, బల్ల అంచుకు మోచెయ్యి ఆనించి, మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి రంగు వెలిసే ముందు ఆగి, కడిగి, సగం చుక్క వదిలింది. తర్వాత ఇంకోసారి. రెండు ఫలితాలూ కలిశాయి. లీటరుకు మూడు పాయింట్ నాలుగు ఏడు మోల్స్.

ఆ అంకె చూశాక ఆమెకు సంతోషం వెయ్యలేదు. దాన్ని కాగితం మీద రాసి మేనేజరు ముందుకు జరిపింది.

సూర్యప్రకాశరావు కళ్ళజోడు పైకి తోసుకుని కాగితం అందుకున్నాడు. “ఎక్కువ పడింది ఎంత?”

“నూటయాభై మోల్స్ సార్. దానికి సరిపడా ఆమ్లం వేసి చంపెయ్యాలె. తక్కువైతే క్షారం మిగుల్తది, ఎక్కువైతే సరుకు గడ్డ కడ్తది.”

“గోదాంలో హైడ్రోక్లోరిక్ ఉందిగా. లీటరుకు పదకొండున్నర మోల్స్. పదమూడు లీటర్లు వేస్తే—”

“లేబుల్ మీద అంతే ఉన్నది సార్. ఆ డబ్బా ఎన్నిసార్లు తెరిచిన్రో, ఎంత ఆవిరైందో ఎవరికి తెలుసు? పొద్దున నమ్మింది కూడా లేబుల్నే.”

రాకేష్ అప్పటికే ఆమ్లం తేవడానికి బయలుదేరాడు.

రాకేష్ ఆమ్లం తేగానే, దాని అసలు బలం తేల్చడానికి ఆమె అతన్ని అవతలి బల్ల దగ్గర నిలబెట్టింది. “నువ్వు వేరే చెయ్యి, నేను వేరే చేస్త. అయ్యేదాక ఒకలకొకలం అంకె చెప్పొద్దు.” అతను తల ఊపాడు. చెమట పట్టిన చేతులకు గ్లౌజులు ఎక్కడం లేదు. ల్యాబులో ఇద్దరి ఫ్లాస్కుల చప్పుడు తప్ప ఏమీ లేదు. బయట బ్లాకు నుంచి సాయి పంపిన మనిషి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు, అడగడానికి భయపడి.

“రాసినవా?” అంది శ్రీలత.

“రాసిన అక్కా.”

ఇద్దరూ కాగితాలు తిప్పారు. ఆమెది పది పాయింట్ నాలుగు. రాకేష్‌ది పది పాయింట్ మూడు ఎనిమిది. లేబుల్ కంటే ఒక మోల్‌కు పైగా తక్కువ.

సూర్యప్రకాశరావు జేబులోంచి పెన్ను తీసి, తన కాగితం మీద తానే మొదటినుంచి లెక్క కట్టడం మొదలుపెట్టాడు. దిగిన లీటర్లు, లీటరుకు మోల్స్, కావలసిన రెండు వేలు, ఎక్కువైనవి, ఆమ్లం బలం. శ్రీలత నిలబడలేక నిలబడింది. ఆయన లెక్క కట్టే వేగం ఎప్పుడూ అంతే. ఒక గీత గీశాడు, కింద పద్నాలుగున్నర లీటర్లు అని రాసి, దానికింద సంతకం పెట్టాడు.

“పదమూడు వేసుంటే మళ్ళీ క్షారం మిగిలేది,” అన్నాడు తనలో తాను. ఆ కాగితం రాకేష్ చేతికిచ్చాడు. “సాయికి ఇవ్వు. చల్లటి నీళ్ళలో కలిపి, నిదానంగా వెయ్యమను. ఈసారి నన్ను అడగడానికి వెనక్కి రావొద్దు.”

ఆమ్లం వేసేటప్పుడు శ్రీలత బ్లాకులోనే ఉంది. రియాక్టరు అద్దంలోంచి తిరుగుతున్న ద్రావణం తప్ప ఏమీ కనిపించదు. అయినా చూస్తూనే ఉంది. సాయి ఆమె పక్కకు వచ్చి నిలబడ్డాడు.

“డ్రమ్ము మీద చూశానండీ ఇప్పుడే,” అన్నాడు. “పెద్దక్షరాల్లో లిథియం హైడ్రాక్సైడ్. కింద చిన్నక్షరాల్లో నీరు లేనిదని. నేనూ చదవలేదు. కరిగించే ముందు లేబుల్ చదవాల్సింది నేను.”

“నేను, రాకేష్, మీరు, ముగ్గురం అది చదవలే,” అంది ఆమె.

“మొన్న తూకం విషయం...” అని అతను ఏదో మొదలుపెట్టాడు. ఆమె ఆపింది. “మొన్నటిది తప్పే. అది అట్లనే ఉండనియ్యండి.”

సాయంత్రం ముగ్గురినీ కూర్చోబెట్టి సూర్యప్రకాశరావు జరిగింది రాకేష్ చేత రాయించాడు. రాయిస్తూ రాయిస్తూ ఒకచోట ఆగాడు. “లెక్క కట్టింది రాకేష్. మెమో అతని పేరు మీద వెళ్తే చాలు. శ్రీలతే వెనక్కి వచ్చి ఆపింది కాబట్టి—”

“లేదు సార్. సరిచూసి సంతకం పెట్టాల్సింది నేను. నాకు అప్పుడే అనుమానం వచ్చింది. వచ్చినా అడగలేదు.”

“ఎందుకు అడగలేదు?”

దానికి జవాబు ఆయనకూ తెలుసు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు, అది మురికిగా లేకపోయినా. “రాకేష్ వచ్చి చెప్పగానే నేను పంపించి ఉంటే, ఆ పద్నాలుగున్నర లీటర్లు అవసరమయ్యేవి కావు,” అన్నాడు. “అదీ రాయండి. నా పేరుతో రాయండి.”

రాకేష్ పెన్ను కదపలేదు. ఆయన మళ్ళీ చెప్పాల్సి వచ్చింది.

రాత్రి సంగారెడ్డిలోని ఇంటికి చేరితే సత్తెమ్మ అక్కడ ఉంది; ఎలా వచ్చావని శ్రీలత ముందు అదే అడిగింది. బస్టాండులో మొక్కజొన్న కంకులమ్మే బక్కమ్మ అని ఒకామె చెయ్యి పట్టుకుని ఆటో ఎక్కించి, సత్తెమ్మ చెప్పిన కొడుకు ఇంటి అడ్రసు డ్రైవరుకు చెప్పి పంపిందట. ఊరికి పోకుండా ఇక్కడికే వచ్చి కూర్చుంది. “సక్కజేసినవా?” అని అడిగింది. “జేసిన గని, ఎంత మిగిలిందో తెల్వది,” అంది శ్రీలత. పడుకున్నా నిద్ర పట్టలేదు. కళ్ళు మూస్తే గాజు గొట్టంలో మట్టం దిగుతూనే ఉంది.

మర్నాడు ఆమె సెలవు పెట్టింది. డాక్టరును బతిమాలి మళ్ళీ నంబరు రాయించింది. సంగారెడ్డిలో ఆ కంటి ఆసుపత్రి బెంచీలన్నీ నిండిపోయి ఉన్నాయి. సత్తెమ్మ కళ్ళలో చుక్కలు వేసి, కంటిపాప పెద్దదయ్యేదాకా మూసుకుని కూర్చోమన్నారు. శ్రీలత చేతిలో ఫోను. లేస్తోంది, కూర్చుంటోంది. బ్యాచ్ ఎండబెట్టి నమూనా తీసి ఉంటారు. పాడైన సరుకు వంతు సున్నా పాయింట్ ఐదు శాతం దాటితే ఆ బ్యాచ్ పనికిరాదు. మళ్ళీ కరిగించి శుద్ధి చేయాలి, అందులో ఎంత దక్కుతుందో చెప్పలేరు.

“కూసో బిడ్డా,” అంది సత్తెమ్మ కళ్ళు తెరవకుండానే. “నువ్వు లేస్తుంటే బెంచి ఊగుతుంది.”

ఫోన్ మోగింది. రాకేష్ గేటు దగ్గరకు వచ్చి తన ఫోను తీసుకుని చేస్తున్నాడు.

“అక్కా, సున్నా పాయింట్ నాలుగు మూడు.”

ఆమె గోడకు ఆనుకుంది. “రెండో ఇంజెక్షన్ చేసినవా? నమూనా మెషిన్ల మళ్ళ పెట్టినవా?”

“ఇంకోటి నడుస్తుంది. మొదటిది హద్దు లోపలనే ఉన్నది గద అక్కా, సాయి సార్ డ్రమ్ములు తెప్పిస్తున్నడు నింపనీకి.”

“రెండోది వచ్చేదాక నింపొద్దని చెప్పు. మెషిన్‌కు ముందుగాల లెక్క తెలిసిన స్టాండర్డ్ పెట్టినవా?”

“పెట్టిన.”

“అదెంత చూపించింది?”

రాకేష్ చెప్పాడు. ఆమె ఇంకా అడిగింది, అతను ఓపికగా చెప్తూనే పోయాడు. ఒకప్పుడైతే తానింత అడిగినందుకు అతను విసుక్కుంటాడేమోనని చాలించేది. ఈసారి చాలించలేదు. ఫోను పెట్టేముందు రాకేష్, “సాయి సార్ ఇక్కడే ఉన్నడు, నింపొద్దన్నవని చెప్పిన,” అన్నాడు. “ఏమన్నడు?” అంటే, “ఏమనలే, డ్రమ్ములు పక్కకు పెట్టిపిస్తున్నడు” అన్నాడు.

లోపలికి పిలిచారు. డాక్టరు గదిలో చీకటి. సత్తెమ్మ గడ్డాన్ని యంత్రం మీద ఆనించి, నుదురు పట్టీకి తాకించి, శ్రీలత వెనకనుంచి తల కదలకుండా పట్టుకుంది. ఆమె జేబులో ఫోను వణికింది. తీయలేదు. డాక్టరు ఒక కన్ను చూసి, రెండో కన్ను చూసి, కుడి కన్ను ముందు చేద్దామన్నాడు. ఆపరేషన్ తేదీ రాయించుకోమన్నాడు. ఫోను మళ్ళీ వణికింది.

బయటికి వచ్చాక సత్తెమ్మ వెలుగు చూడలేక కళ్ళకు కొంగు అడ్డం పెట్టుకుంది. మెట్ల దగ్గర ఆమెను కూర్చోబెట్టి శ్రీలత ఫోను తీసింది. రాకేష్ మెసేజ్. సున్నా పాయింట్ నాలుగు నాలుగు. కింద ఇంకో వరుస. మూడోది కూడా పెట్టమంటవా అక్కా?

ఆమె కాసేపు ఆ వరుస వైపు చూసింది. రెండూ కలిశాయి. చాలు. చాలని బుద్ధికి తెలుసు. బొటనవేలు అక్షరాల మీద అటూ ఇటూ తిరిగింది. పక్కన సత్తెమ్మ, “ఏమంటున్నరు?” అంది.

“మంచిగనే ఉన్నదంట.”

“మరి ఎందుకట్ల నిలబడ్డవ్?”

శ్రీలత ‘పెట్టు’ అని టైపు చేసి పంపింది. తర్వాత సత్తెమ్మ చెయ్యి పట్టుకుని, మెట్లు ఒక్కొక్కటిగా దింపుతూ ఆటోల వైపు నడిపించింది.